ఏ చెట్టు పూసింది?

పాలమూరు జిల్లాలో మా ఊరి జొన్నచేలు గింజ పట్టే వేళకు గులాబి గోరువంకలు దిగేవి. నల్లటి తల, నల్లటి రెక్కలు, నడుమ లేత గులాబిరంగు ఒళ్లు. మబ్బు దిగినట్టు ఒక్కుమ్మడిగా చేలో దిగేవి. నేను మంచె మీద వడిసెల పట్టుకుని కూర్చునేవాణ్ణి. కాస్త కునుకు పడితే చాలు, గట్టు మీంచి మా నాయిన కేక వినబడేది: "పండుకున్నవారా? కంకులన్నీ పోతున్నయ్!" పాలు పట్టిన గింజను నలిపితే వేళ్లకంటే జిగురు, ఆ పచ్చి వాసన ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ పిట్టల్ని మా ఊళ్లో ఏ పేరుతో పిలిచేవాళ్లమో మాత్రం మరిచిపోయాను. అడుగుదామంటే ఆ తరంలో ఎవరూ లేరు.

ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చింది ఎనభైల్లో. 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వాళ్లు సెలవు రోజుల్లో పిట్టలు చూడ్డానికి పోతారని ఆఫీసులో ఎవరో చెప్పారు. పిట్టల్ని తోలిన వాడికి, పిట్టల్ని చూడ్డానికి బస్సెక్కి పోవడమేమిటో అర్థం కాలేదు. అయినా వెళ్లాను. వెళ్లాక వదల్లేదు. పాకెట్ పుస్తకం నిండా కొత్త పేర్లు రాసుకోవడం, ఇంకా చూడనివి ఏమున్నాయని ఆరాటపడటం, ఆ వయసులో నాకదే లోకం.

ఆ గుంపులో ఒక పెద్దాయన ఉండేవారు. ముఖం సరిగా గుర్తుకు రావడం లేదు. మెడలో బైనాక్యులర్స్, తెగిన పట్టీకి బదులు కట్టిన చెప్పుల లేసు మాత్రం కళ్లకు కట్టినట్టున్నాయి. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి సాలిం అలీ పక్షుల సర్వే చేశారని మొదట విన్నది ఆయన నోటే. సాలిం అలీ అప్పటికింకా ఉన్నారు, 1987లో పోయారు. గండిపేట దారిలో ఒక ఫాల్గుణ మాసపు పొద్దున నేను పొదపొదకూ తొంగిచూస్తుంటే పెద్దాయన పిలిచి అన్నారు: "పిట్టను తర్వాత వెతుకుదువుగాని బాబూ, ముందు ఏ చెట్టు పూసిందో చూడు."

చూపించారు కూడా. ఒక్క ఆకు లేని బూరుగు చెట్టు, కొమ్మకొమ్మకూ దొప్పల్లాంటి ఎర్రటి పూలు. కాకులు, గోరువంకలు, పిగిలిపిట్టలు, పసులపోలిగాళ్లు అన్నీ అక్కడే. ఒకదాన్నొకటి తోసుకుంటూ పువ్వులో తల ముంచి తేనె తాగుతున్నాయి. ఉండుండి బరువైన పువ్వొకటి టప్పున నేల మీద పడుతోంది. బైనాక్యులర్స్ నా చేతికిచ్చారు. నడిమి కొమ్మ మీద, ముక్కు మొదట్లో పుప్పొడి అంటుకుని, గులాబిరంగు ఒంటితో ఒక పిట్ట. నా వడిసెల రాయి తప్పించుకుపోయిన పిట్టే. అది అంత అందమైనదని మంచె మీంచి నాకెన్నడూ తెలియలేదు. ఇక్కడ పూల కాలం అయ్యాక మధ్య ఆసియా దాకా ఎగిరిపోయి అక్కడ గూడు పెడతాయని, అక్కడ మిడతల్ని తిని పిల్లల్ని సాకుతాయని పెద్దాయన చెప్పారు. ఆ సంగతి మా నాయినకు చెప్పానో లేదో గుర్తు లేదు.

ఆ బూరుగు ఎక్కడుండేదో ఇప్పుడు చూపించమంటే చూపించలేను. ఆ దారి పొడుగునా అంతస్తులు లేచాయి.

రిటైరయ్యాక కేబీఆర్ పార్కు చుట్టూ నడవడం అలవాటైంది. 1998లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించడం వల్లే జూబ్లీహిల్స్ నడుమ ఆ మాత్రం చిట్టడవి మిగిలిందని నా నమ్మకం. చైత్రంలో అక్కడ నెమళ్ల కేకలు ట్రాఫిక్‌ను దాటుకుని వినబడతాయి. అమీన్‌పూర్ చెరువుకు మాత్రం కాస్త ముందే పోవాలి. నీళ్లు తగ్గి బురద తేలిన అంచుల్లో చలికాలపు అతిథులు ప్రయాణానికి ఒళ్లు చేసుకుంటుంటాయి. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. గుర్తింపు మంచిదే. గట్టు దాకా వచ్చిన ఇళ్లను చూస్తే మాత్రం దిగులేస్తుంది.

2020 ఉగాది మార్చి 25న. లాక్‌డౌన్ మొదటి రోజూ అదే. పచ్చడికి వేపపువ్వు కోసం పెరట్లోకి వెళ్లి నిలబడిపోయాను. వీధిలో ఒక్క బండి లేదు. కోయిల ఎక్కడ కూస్తోందో, దానికి ఎక్కణ్ణుంచి మరొకటి బదులిస్తోందో స్పష్టంగా తెలుస్తోంది. కొన్నాళ్లకు టీవీలో నెత్తిన మూటలతో నడిచిపోయే కూలీలు కనబడ్డారు. పాలమూరు నుంచి బొంబాయి పోయిన మావాళ్లెందరో! అది చూశాక పిట్టల మాట ఇంట్లో ఎత్తడానికి కూడా నోరు రాలేదు. కానీ పెరట్లోకి వెళ్లకుండానూ ఉండలేకపోయాను.

మా మునగచెట్టుకు ఒక ఎండుకొమ్మ ఉండేది. అంతకు ముందే మాలీ అన్నాడు, "ఎండిన కొమ్మ గద సార్, కొట్టేస్త." మా ఆవిడ వద్దంది. కాయలు కోసుకోవడానికి దాని మీద నిచ్చెన ఆనిస్తుంది, అంతే కారణం. ఆ కొమ్మ కిందనే ఒకరోజు సన్నటి రంపపు పొట్టు రాలి కనబడింది. తలెత్తితే కంసాలి పిట్ట. పిడికిలంత ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రటి బొట్టు, కంటి చుట్టూ పసుపు. కొమ్మ అడుగువైపు వేలాడుతూ ముక్కుతో పొడిచి పొడిచి తొర్ర చేస్తోంది. తొర్ర కిందివైపు ఉంటే వాన నీళ్లు లోపలికి పోవు. కొంతసేపు పనిచేసి, పై కొమ్మ మీదికి పోయి గొంతు ఉబ్బించి టొంక్, టొంక్ అనేది. కూస్తూ తల అటూ ఇటూ తిప్పడంతో చప్పుడు చోటు మారుతున్నట్టు వినబడేది. మిట్ట మధ్యాహ్నం, కాకి కూడా నోరు మూసుకున్న ఎండలో అదే పని. జంటలో రెండూ వంతులవారీగా తొలిచాయి. తర్వాత్తర్వాత నోట మేడిపండు కరుచుకుని వచ్చి పోవడం చూశాం. మా ఆవిడ ఆ సీజను అంతా నిచ్చెన వేయలేదు.

మా వీధిలో బూరుగు లేదు, మోదుగ లేదు. పెద్దాయన చెప్పినట్టు పూసిన చెట్టు కోసం చూస్తే దొరికేవి వేప, కానుగ, మునగ, అంతే. వాటితోనే పిట్టలు సర్దుకుంటున్నాయి. మీ పెరట్లోనో, అపార్ట్‌మెంటు గోడ పక్కనో ఎండుకొమ్మ ఉంటే మాఘం నుంచి జ్యేష్ఠం దాటేదాకా కొట్టించకండి. మీద పడుతుందన్న భయంతో కొట్టించక తప్పకపోతే ముందు కొమ్మ అడుగువైపు చూడండి. రెండు వేళ్లు పట్టేంత గుండ్రటి తొర్ర కనబడితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి.