ముసురు పడితే మోటార్లే వినబడతాయి

“కప్పలు అరిచినా వినపడ్డంలేదు బాబూ, ఈ మోటార్ల గోలలో.”

భీమవరం దాటాక, రొయ్యల చెరువుల నడుమ మిగిలిన వరిచేను గట్టు మీద ఓ పెద్దాయన అన్న మాట ఇది. వాతావరణాన్ని బట్టి పల్లెల్లో చప్పుళ్ళు ఎలా మారతాయో రాయమని సంపాదకులు పంపితే వెళ్ళి, నేను ఆయన దగ్గరే ఆగిపోయాను.

చలికాలం తెల్లవారుజామున నరసాపురం రైలు కూత పెరట్లోంచి వచ్చినట్టు వినబడితే ఆ రోజు మంచు గట్టిగా పడుతుందని ఆయన లెక్క. ఆ లెక్కకు ఆధారం ఉంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. 20 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. అందుకే పైకి వెళ్ళిన కూత వంగి మళ్ళీ నేలకు దిగుతుంది. మండే మధ్యాహ్నం దీనికి తలకిందులు: అదే కూత పైకి వంగి మనకు అందకుండా పోతుంది.

తొలకరి సంగతి వేరు. మగ బోదురుకప్పలు పసుపురంగు తిరిగి, గొంతు కింద నీలిసంచులు ఉబ్బించి ఆడకప్పల్ని పిలుస్తాయి. వీటి కాళ్ళ ఎగుమతిని 1987లో ప్రభుత్వం నిషేధించింది. చంపడాన్ని ఆపాలన్న ఆలోచన మెచ్చుకోదగ్గదే. వాటి పిలుపును కాపాడాలన్న ఆలోచన మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు.

ముసురు పట్టిందంటే చెరువు నీటిలోని నాచుకు ఎండ తగలదు, ప్రాణవాయువు తగ్గుతుంది, రొయ్యలు పైకి తేలతాయి. వాటిని బతికించడానికి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకుండా తిప్పాలి. కరెంటు పోతే జనరేటర్లు. అంటే కప్పలు గొంతెత్తే రాత్రే ఏరేటర్ల చక్రాలూ జోరందుకుంటాయి. పెద్దాయన చూపించిన ఏరేటరు ప్లాస్టిక్ రెక్కలు నీళ్ళను చరుస్తుంటే, పక్కపక్కనే నిలబడ్డ మేమిద్దరం అరుచుకుంటూ మాట్లాడుకోవాల్సి వచ్చింది. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన చేను వైపు ఒకటికి రెండుసార్లు వంగి విన్నారు. మోటారు హోరే.

రొయ్య మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, చెరువులు మూసేయమనడం నా ఉద్దేశం కాదు. కానీ 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో పరిశ్రమలు, వ్యాపారం, నివాసం, నిశ్శబ్ద ప్రాంతం అని నాలుగే విభాగాలున్నాయి. పొలానికి విడిగా చోటే లేదు. ఇది పెద్ద లోపం. ఇళ్ళ దగ్గర రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి ఉంది కదా, కనీసం దాన్నయినా ఊరి చివరి ఇళ్ళ దగ్గర కొలవాలి. అదీ ఎండ రోజున కాదు, ముసురు రాత్రి. మీటరు పట్టుకుని వచ్చేవారుంటే ఎక్కడ నిలబడాలో పెద్దాయన చూపిస్తానన్నారు.