డమ్మీలకి మా గట్టు సిగ్నల్ పెట్టి చూసాం

పోస్టు పొడుగ్గా ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మేము చేసిన ఆన్‌లైన్ థింసా చూసి చాలామంది "సిగ్నల్ లేని చోటు నుంచి ఎలా చేసారు?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే కన్నా ఇక్కడే రాసేస్తే అందరికీ పనికొస్తది అనుకున్నాం. అసలు పని ఆ రోజు జరగలేదు. దానికి ముందు మూడు వారాలు, మనుషులు లేని వీడియో కాల్‌లో జరిగింది.

మేము అంటే విశాఖలో ఒకే హాస్టల్ గదిలో ఉంటున్న నలుగురం. నలుగురివీ పాడేరు, అరకు వైపు ఊర్లే. మా ఇళ్లల్లో మాకన్నా ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. మాలో ఇద్దరు కంప్యూటర్స్, ఒకరు బీకాం, ఒకరు బీఏ. ఆలోచన ఏంటంటే, ఊర్లో తాత మోరి ఊదుతాడు, మామ తుడుము కొడతాడు. మూడు ఊర్లలో ఉన్న మూడు హాస్టళ్లలో మన అమ్మాయిలు ఆ పాటకి థింసా ఆడతారు. చూసేవాళ్లకి అంతా ఒకే తెర మీద కనబడాలి.

చెప్పడానికి తేలికే. చేద్దామంటే మొదటి అడ్డు రిహార్సల్. తాత ఫోన్ పలకాలంటే ఊరి వెనక గట్టు ఎక్కాలి. జూలై అంటే నాట్ల టైము. ఒక్క రిహార్సల్‌కి తాత, మామ ఇద్దరూ ఒక పూట పని మానుకోవాలి, వానలో తడవాలి. పైగా మేము చెయ్యాల్సినవి రిహార్సళ్లు కాదు, టెస్టులు. "తాతా ఒకసారి ఊదు, ఆపు, మళ్లీ ఊదు, కాల్ కట్ చేసి మళ్లీ రా" అని యాభై సార్లు పెద్దాయనతో అనలేం కదా. అందుకే తాత బదులు డమ్మీని కూర్చోబెట్టాం.

డమ్మీ అంటే ఏంటో చెప్తాం. క్రోమ్ బ్రౌజర్‌ని కమాండ్‌తో తెరిచినప్పుడు "ఫేక్ డివైస్" అనే మాట కలిపితే అది నిజం కెమెరా, మైకు ముట్టుకోదు. కెమెరా బదులు పచ్చటి తెర, దాని మీద తిరిగే ఒక గుండ్రం బొమ్మ, టైము చూపిస్తది. మైకు బదులు ఉండుండి బీప్ అంటది. "ఫేక్ యూఐ" అనే ఇంకో మాట కలిపితే కెమెరాకి పర్మిషన్ కూడా అడగదు. ఇలా ఎన్ని కిటికీలు తెరిస్తే అంతమంది కాల్‌లో చేరినట్టే. మనకి కావాల్సిన వీడియో ఫైలు, ఆడియో ఫైలు కూడా దానికి ఇవ్వొచ్చు. తాత పోయిన చైత్ర పండక్కి ఊదింది మా ఫోన్లో ఉంది. ఆయన్ని అడిగి, అదే ఇచ్చాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. క్రోమ్ వై4ఎం అనే రకం వీడియో ఫైలు తీసుకుంటది. అందులో బొమ్మని కుదించరు. 640కి 480 సైజులో, సెకనుకి 30 ఫ్రేముల లెక్కన నిమిషం వీడియోకే 800 ఎంబీ దాటుతది. ఎంజేపెగ్ కూడా తీసుకుంటది, అది చాలా చిన్నగా ఉంటది. మార్చడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

కాల్‌కి జిట్సీ మీట్ వాడాం. అది ఓపెన్ సోర్స్, ఎవరికి వాళ్లు సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. మా సీనియర్ అన్న ఒకరు తన క్లౌడ్ మెషీన్ ఇచ్చారు. వేరేవాళ్ల సర్వర్ మీదకి డమ్మీలని తోలొద్దు, అది నిజంగా కాల్ చేసుకునే వాళ్లకి అడ్డం. లెక్క చూడండి. 12 మంది కాల్‌లో ఉంటే ఒక్కొక్కరి బొమ్మ మిగతా 11 మందికి పోవాలి. సర్వర్ 132 ధారలు పంచాలి. అలాగే డమ్మీలన్నిటినీ ఒకే లాప్‌టాప్‌లో పెట్టినా లాభం లేదు. మాదాంట్లో ఆరోది చేరేసరికి ఫ్యాన్ రొద మొదలైంది, బొమ్మ ఆగి ఆగి వచ్చింది. ఆ ఆగడం నెట్ వల్ల కాదు, లాప్‌టాప్ అలిసిపోవడం వల్ల. రెండిటినీ వేరుగా చూడాలంటే డమ్మీలని మూడు మెషీన్లకి పంచాలి.

ఇప్పుడు అసలు సంగతి. డమ్మీ పుట్టడమే మంచి నెట్‌తో పుడతది. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న డమ్మీకి వాన తెలీదు, కరెంటు పోదు, గట్టు ఎక్కే పని లేదు. పట్నం డమ్మీ అన్నమాట. దాంతో టెస్టు చేసి "అంతా బాగుంది" అనుకుంటే, బాగున్నది పట్నం వాళ్లకి మాత్రమే. సాఫ్ట్‌వేర్లు మన ఊర్లో ఎందుకు తడబడతాయో మాకు ఇక్కడ కొంత అర్థమైంది. వాటిని పరీక్షించిన టేబుల్ దగ్గర మన గట్టు లేదు.

అందుకే గట్టుని టేబుల్ మీదకి తెచ్చాం. మాలో ఒకడు ఇంటికెళ్లినప్పుడు మూడు రోజులు పొద్దున, సాయంత్రం గట్టెక్కి ఫోన్లో పింగ్ కొట్టి రాసుకొచ్చాడు. పోయి రావడానికి 300 నుంచి 700 మిల్లీసెకన్లు, వంద ప్యాకెట్లలో ఆరేడు దారిలోనే పోతున్నాయి. వాన పడితే మొత్తం పోయి మళ్లీ వస్తది. లినక్స్‌లో టీసీ కమాండ్‌తో నెటెమ్ అనేది వాడి ఈ లెక్కలే పెట్టొచ్చు. ఎంత ఆలస్యం, ఎన్ని ప్యాకెట్లు పోవాలి అని చెప్తే అలాగే నడుపుతది. మామూలుగా అది ఆ మెషీన్ నుంచి బయటికెళ్లే దాని మీద పనిచేస్తది, కాబట్టి తాత డమ్మీకి ఒక లాప్‌టాప్ విడిగా ఇచ్చాం. పేర్లు కూడా మార్చాం. పార్టిసిపెంట్ 1, 2 తీసేసి "గట్టు తాత", "వాన పడుతున్న గట్టు", "చార్జింగ్ ఐపోయిన అక్క" అని పెట్టాం. నవ్వుకున్నాం గానీ, పేరు పెట్టాక ప్రతి టెస్టులో ఏం చూడాలో తేటగా తెలిసింది.

డమ్మీలు మాకు నేర్పినవి చాలానే ఉన్నాయి. తుడుము ఫైలు పంపితే అవతల సగం దెబ్బలు మింగేసినట్టు వచ్చింది. కాల్ సాఫ్ట్‌వేర్ మాటని ఉంచి రొదని తీసేస్తది, దాని లెక్కలో మన తుడుము రొద. ఆ నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్ ఆపేస్తే దెబ్బ దెబ్బగా వినబడింది.

తర్వాత తాళం. లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్ 29న, న్యూయార్క్‌లోని పబ్లిక్ థియేటర్ రిచర్డ్ నెల్సన్ నాటకాన్ని నటులు ఎవరింట్లో వాళ్లుండగా లైవ్‌లో చూపించింది. కథే ఒక కుటుంబం జూమ్‌లో మాట్లాడుకోవడం. మాటలైతే కాస్త ఆలస్యం ఓర్చుకుంటాయి. ఫోన్ మాటలకి ఒకవైపు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మేలని ఐటీయూ ప్రమాణం. వాయిద్యాలు కలిసి వాయించాలంటే 25, 30 దాటితేనే కష్టం మొదలవుతది. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతది కాబట్టి, 25 మిల్లీసెకన్లంటే ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు. వీడియో కాల్‌లో అంత తక్కువ మనకి దొరకదు.

అందుకని తాళం ఒకవైపే నడిపాం. తాత ఊదుతాడు, అమ్మాయిలు అందుకుంటారు, వాళ్ల సౌండ్ తాతకి పోదు. పోతే ఆయన వాళ్ల కోసం ఆగుతాడు, వాళ్లు ఆయన కోసం ఆగుతారు, పాట నెమ్మదైపోతది. ఆయనకి బొమ్మ మాత్రం ఉంచాం. బీప్ డమ్మీలతో కొలిస్తే, తాత మోరి మా మిక్సింగ్ మెషీన్‌కి చేరిన క్షణం నుంచి మూడు హాస్టళ్ల బొమ్మలు 350, 450, 600 మిల్లీసెకన్లకి వస్తున్నాయి. ఓబీఎస్‌లో మోరి సౌండ్‌ని 600 ఆపాం, మొదటి బొమ్మని 250, రెండోదాన్ని 150 ఆపాం, మూడోదాన్ని వదిలేసాం. అడుగులు కలిసాయి. దీంట్లో మాకు సంతోషమైన సంగతి, గట్టు మీద లైను ఎంత ఆలస్యమైనా తాళం చెడదు. ఆ ఆలస్యం దాదాపు అందరికీ సమానమే. భయపడాల్సింది లైను తెగిపోవడానికే.

తెగిపోవడం దగ్గరే మా గదిలో గొడవ లేచింది. ప్రోగ్రాం చూసుకుంటున్న ఒక పెద్దాయన "ఆ డమ్మీనే ఆ రోజు కూడా నడిపించేయండి, తాత బొమ్మ ఉంది, పాట ఉంది, ఎవరికి తెలుస్తది?" అన్నారు. మాలో ఒకడు కూడా అటే మొగ్గాడు. వాడి మాట కొట్టిపారేసేది కాదు. ఈ వానలో డెబ్బై దాటిన మనిషిని గట్టెక్కించడం ఏం గౌరవం, ఇంట్లో వెచ్చగా ఉండనీండి అన్నాడు. రెండు రోజులు తెగలేదు. చివరికి తాతనే అడుగుదాం అనుకున్నాం. ఫోన్లో అంతా విని తాత అడిగింది ఒక్కటే. "ఆడపిల్లలు అలిసిపోతే మీ రికార్డుకి ఎలాగ తెలుస్తాదిరా?"

అంతే, తేలిపోయింది. డమ్మీ పని టెస్టు వరకే, ఆట రోజున అది కాల్‌లో ఉండకూడదు అనుకున్నాం. ఫైలు ఐపోతే డమ్మీ మళ్లీ మొదట్నుంచి అదే ఊదుతది. తాత ఏ రెండుసార్లూ ఒకేలా ఊదడు. వాడి మాట కూడా నిలబెట్టాం. గట్టు మీద టార్పాలిన్ పందిరి వేయించాం, మామ ఫోన్‌కి పవర్‌బ్యాంకు పంపాం, తాతని ఒక్క రిహార్సల్‌కే పిలిచాం. మిగతా ప్రాక్టీసంతా అమ్మాయిలు డమ్మీతోనే చేసారు. చెప్పకుండా మధ్యలో డమ్మీ లైను తెంపేసేవాళ్లం. మోరి ఆగితే ముందున్న అక్క పాదం చూసి అడుగు సాగించాలి, నడుం మీది చెయ్యి వదలకూడదు.

ఆ రోజు మొదటి పది నిమిషాలు ఖాళీగా ఉంచాం. తాత ఒక్కో హాస్టల్‌ని "తిన్నారేటి?" అని అడగకుండా మోరి ఎత్తడని మాకు తెలుసు. లైను రెండుసార్లు తెగింది. రెండోసారి నిమిషం పైనే. తెర మీద తాత గడి నల్లగా, కింద పేరు మాత్రం ఉంది. దాన్ని తియ్యలేదు, దేంతోనూ నింపలేదు. "తాత లైను పోయింది, వస్తాడు" అని మైకులో చెప్పాం. అమ్మాయిలు ఆగలేదు. తిరిగొచ్చాక తాత బొమ్మల్లో వాళ్లని కాసేపు చూసి, పాటని కొంచెం నెమ్మది చేసాడు.

మీ దగ్గర గుస్సాడీ గానీ, కొమ్ముకోయ ఆట గానీ, ఇంకేదైనా ఇలా చేద్దామనుకుంటే కామెంట్లో రాయండి. కమాండ్లన్నీ, ఆలస్యం లెక్క వేసే షీటూ పంపుతాం. మీరు మాత్రం ఒక పని చెయ్యాలి. ఊరెళ్లినప్పుడు మీ సిగ్నల్ దొరికే చోట నిలబడి మూడు రోజులు పింగ్ కొట్టి రాసుకురండి. మా గట్టు లెక్క మీ ఊరికి సరిపోదు.