సగం బండి, సగం మనిషి

నాదర్‌గుల్‌లో ఇప్పుడు ఇల్లు కట్టని వీధి లేదు. ఒక పక్క శిక్షణ విమానాల పాత ఎయిర్‌ఫీల్డు, ఇంకో పక్క ఇంజనీరింగ్ కాలేజీ, కాస్త ముందుకు పోతే ఆదిబట్లలో విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారయ్యే ఫ్యాక్టరీలు. వీటి మధ్య ప్లాట్లు, పునాదులు, ఇసుక కుప్పలు. ఇసుక కుప్ప ఉన్న చోట రేకుల గుడిసె ఉంటుంది. గుడిసె ఉన్న చోట బడి ఈడు పిల్లలుంటారు. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో కొందరు నేను పనిచేసే ప్రాథమిక పాఠశాలకు వస్తారు. కొందరు రారు. వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారో చెప్పలేం. స్లాబు పడి గోడలు లేచి సున్నం అయిపోతే మేస్త్రీ ఎక్కడికంటే అక్కడికి వెళ్లిపోతారు.

నేను గోండును. మాది ఉట్నూరు వైపు. ఆదిలాబాద్‌లో డి.ఎడ్. చదివి, డీఎస్సీలో ఓపెన్ కోటాలో రంగారెడ్డి జిల్లాలో పోస్టు వస్తే ఇటు వచ్చాను. వచ్చిన కొత్తలో నెలకోసారి ఊరికి పోయేవాణ్ని. ఇప్పుడు దండారికి, పెళ్లిళ్లకు మాత్రమే. క్లాసులో గోండి మాట్లాడాల్సిన అవసరం ఇన్నేళ్లలో నాకు రాలేదు, నిరుడు జూన్ దాకా.

ఆ జూన్‌లో ఒక పిల్లాడు చేరాడు. నాలుగో తరగతి. జైనూరు దగ్గరి గూడెం. తండ్రి సెంట్రింగ్ పని, తల్లి ఇటుకలు అందిస్తుంది. పేరు ఇక్కడ రాయను. పిల్లాడు మాట్లాడడు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడు, అంతే. పక్కవాళ్లు వాణ్ని మూగోడు అన్నారు. రెండో వారంలో మధ్యాహ్న భోజనం దగ్గర వాడు గ్లాసు పట్టుకుని తనలో తాను "యేర్" అనడం విన్నాను. మన ఊళ్లో నీళ్లకు అదే మాట. నేను గోండిలో, ఇంకా కావాలా అని అడిగాను. వాడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఆ రోజు నుంచి బడిలో సార్, బడి బయట కాకా.

తెలిసినవాళ్లకు తెలుసు, ఇది కొత్త బాధ కాదు. 1940లలోనే హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ పెట్టించాడు, గోండి వాచకాలు వేయించాడు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, సవర వంటి ఎనిమిది భాషల్లో బడి చదువు మొదలుపెట్టారు. అవన్నీ ఏజెన్సీ ఊళ్ల కోసం. ఊరు వదిలి నాదర్‌గుల్ దాకా వచ్చిన గోండు పిల్లాడికి ఏ వాచకం ఇవ్వాలో ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

వాడి దగ్గర ఒక బొమ్మ ఉండేది. తండ్రి ఒక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద నూటయాభై రూపాయలకు కొన్నాడట. పసుపు రంగు జేసీబీ. మడతలు విప్పితే మనిషి అవుతుంది. ఈ రకం బొమ్మలు మొదట జపాన్‌లో తకారా అనే కంపెనీ చేసింది, డయాక్లోన్ అని, మైక్రో చేంజ్ అని. అమెరికాలో హాస్బ్రో వాటిని తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మింది. కథలూ కార్టూన్లూ ఆ తర్వాత వచ్చినవే, బొమ్మలు అమ్మడానికి. మా వాడి బొమ్మ ఆ కంపెనీది కాదు, ఏ కంపెనీదో దాని మీద రాసి లేదు. ఒక చెయ్యి విరిగి ఉంది. అయినా వాడు దాన్ని సంచిలో పుస్తకాల కంటే జాగ్రత్తగా పెట్టుకునేవాడు.

మా నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు శనివారం మధ్యాహ్నం ఏదో ఒక చేతి పని పెడతాను. ఒక శనివారం నా ఫోన్‌లో ఫొటోలు పేర్చి బొమ్మలాట చేద్దామన్నాను. స్టాప్ మోషన్ అంటారు దీన్ని. విద్య చాలా పాతది. బొమ్మను కొంచెం కదిపి ఒక ఫొటో, ఇంకొంచెం కదిపి ఇంకో ఫొటో. అన్నీ వరసగా వేగంగా తిప్పితే బొమ్మ తనంతట తాను కదిలినట్టు ఉంటుంది. సినిమాలో సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు తిరుగుతాయి. మనకు పన్నెండు చాలు, ఒక్కో ఫొటోను రెండుసార్లు వాడుకున్నట్టు. మన దేశంలో ఈ పని చేసినవాడు ఫాల్కే. 1913లో రాజా హరిశ్చంద్ర తీయడానికి ముందు ఆయన ఒక కుండీలో బఠాణీ గింజ నాటి, నెలకు పైగా రోజూ కొంచెం కొంచెంగా ఫొటో తీసి, మొక్క మొలిచి పెరగడాన్ని తెర మీద చూపించాడు. అలా చూపించే డబ్బు పెట్టేవాళ్లను నమ్మించాడు. 1915లో అగ్గిపుల్లలతో కూడా ఒక చిన్న సినిమా తీశాడు. ఈ సంగతి చెప్పగానే మా పిల్లలు వంటగదికి పరుగెత్తారు, అగ్గిపెట్టె కోసం.

వాళ్లకు నేను మాయాబజార్ కూడా చూపించాను, ఘటోత్కచుడి భోజనం దాకా. ఎస్వీ రంగారావు కూర్చుని నోరు తెరిస్తే లడ్డూలు వాటంతట అవే ఎగిరొచ్చి పడతాయి. 1957 నాటి సినిమా. పిల్లలు నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశారు. తర్వాత ఒక అమ్మాయి, "సార్, లడ్డూలు ఎగిరితే చాలదు, మనిషి మారాలె" అంది. అప్పుడే అందరి కళ్లూ ఆ పసుపు జేసీబీ మీద పడ్డాయి.

వాడు ఇస్తాడనుకోలేదు. ఒక పూటంతా ఆలోచించి, తెచ్చి బల్ల మీద పెట్టాడు.

జట్టులో నలుగురు. జేసీబీ నుంచి మనిషి కావడానికి పదిహేడు మడతలని వాడే లెక్కపెట్టి చెప్పాడు, వేళ్ల మీద, గోండిలో. మడతకు ఎనిమిది ఫొటోలు అనుకున్నాం. పదిహేడు ఎనిమిదులు నూటముప్పైఆరు. పన్నెండుతో భాగిస్తే పదకొండు సెకన్లు, కొంచెం మిగులు. గుణకారం, భాగహారం పాఠం ఆ రోజుకు అయిపోయింది. పదకొండు సెకన్ల కోసం ఇంత పనా అని మా తోటి టీచరొకరు నవ్వారు. అవును, ఇంత పనే.

టీచర్లెవరైనా చేయించాలనుకుంటే కొన్ని చెప్తాను. ఫోన్ కదలకూడదు. మేము రెండు ఇటుకల మధ్య ఇరికించి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాం. కిటికీ వెలుతురును నమ్మొద్దు. మబ్బు వచ్చి పోతే ఒక ఫొటో నల్లగా, ఒకటి తెల్లగా వచ్చి సినిమా మిణుకుతుంది. కిటికీకి చార్టు కాగితం అంటించి ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. ఫోన్‌లో వెలుతురును, ఫోకస్‌ను ఒకచోట లాక్ చేయండి. లేకపోతే అది తనకు తోచినట్టు మార్చేస్తుంది. తెల్ల చొక్కా వేసుకున్నవాడు బల్ల దగ్గరికి వంగితే బొమ్మ మీద వెలుగు పడుతుంది, అందుకని మావాళ్లు ముదురు రంగు తువ్వాలు కప్పుకుని పనిచేసేవాళ్లు. ముందటి ఫొటోను పలచగా వెనకాల చూపించే యాప్‌లున్నాయి, స్టాప్ మోషన్ స్టూడియో లాంటివి. దానితో ఎంత కదిపామో తెలుస్తుంది. కదలిక మొదట్లో చిన్నగా, మధ్యలో పెద్దగా, ఆగేముందు మళ్లీ చిన్నగా ఉండాలి. అన్నీ సమానంగా కదిపితే బొమ్మ ప్రాణం లేనట్టు నడుస్తుంది. ఇది నేను చెప్పింది కాదు. పక్క సైటులో జేసీబీ తొండం ఎట్లా లేస్తుందో చూసొచ్చి వాడు చేసి చూపించాడు.

అసలు చిక్కు నిలబెట్టడంలో వచ్చింది. మడత సగం విప్పిన బొమ్మ బరువంతా ఒక పక్కకు పోయి పడిపోతుంది. రోడ్డు మీద టిప్పర్ పోయినా చాలు, బల్ల అదిరి పడిపోతుంది. మూడు రోజులు అట్లా పోయాయి. అప్పుడు మేం తలకిందులుగా మొదలుపెట్టాం. నిలబడ్డ మనిషితో ప్రారంభించి, పాదాల కింద ఎం-సీల్ ముద్ద పెట్టి, ఒక్కో మడతా లోపలికి ముడుస్తూ జేసీబీ దాకా దిగడం. తీశాక వెనక నుంచి ముందుకు తిప్పితే బండే మనిషై లేచినట్టుంటుంది. విరిగిన చేతికి అగ్గిపెట్టె, మోచేతికి సైకిల్ వాల్ ట్యూబు ముక్క. నిజం చెప్తే ఆ చెయ్యే బాగా వంగింది.

వేలిముద్రల సంగతి కూడా చెప్పాలి. పసుపు ప్లాస్టిక్ మీద ముద్రలు పడి ఫొటో ఫొటోకూ మారుతుంటే నేను గుడ్డతో తుడవమన్నాను. తర్వాత వాళ్లకు 1933 నాటి కింగ్ కాంగ్ ముక్క చూపించాను. ఆ గొరిల్లా బొచ్చు గాలికి కదిలినట్టు అలలు అలలుగా ఉంటుంది. అది గాలి కాదు. విల్లిస్ ఓ'బ్రియన్ బృందం ఫొటోకూ ఫొటోకూ మధ్య బొమ్మను పట్టుకుని కదిపినప్పుడు వేళ్లు తగిలిన చోటల్లా బొచ్చు చెదిరింది. అది చూశాక మా పిల్లలు తుడవడం మానేశారు. మన చేతులు కనబడితే కనబడనీ అన్నారు.

ఒక రోజు జట్టులోని అమ్మాయి ఎక్కడి నుంచో నెమలి ఈక తెచ్చి బొమ్మ తలకు గుచ్చింది. వాళ్లింటి టీవీలో గుస్సాడీ నృత్యం చూసిందట. మా వాడు దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా ఈక తీసి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అలిగింది. అప్పుడు వాడు మొదటిసారి తెలుగులో పెద్ద మాట చెప్పాడు: "అది బొమ్మకు పెట్టరు. మా కాక పెట్టుకుంటడు. పెట్టుకున్నంక మా కాక కాదు, స్నానం చెయ్యడు, అందరు మొక్కుతరు." పిల్లలు నా వైపు చూశారు. వాడు చెప్పింది నిజమేనని చెప్పాను. దండారి రోజుల్లో ఒంటికి బూడిద, భుజాన తోలు, తలకు నెమలి ఈకల టోపీ పెట్టాక ఆ మనిషిలో పేన్ ఉంటాడని మన నమ్మకం. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ నృత్యానికే. స్టేజీల మీద, రిపబ్లిక్ డే పరేడ్‌లలో గుస్సాడీని చూసి చూసి నాకే అది వేషంలా అలవాటైంది. తొమ్మిదేళ్లవాడికి అలవాటు కాలేదు. ఈక మేము హెర్బేరియం పుస్తకంలో పెట్టుకున్నాం.

ఇక మాట. బొమ్మ లేచి నిలబడ్డాక ఏదో ఒకటి అనాలి కదా. ఒకడు ఇంగ్లీషులో అరిపిద్దామన్నాడు, ఒకడు రజనీకాంత్ రోబోలా నవ్విద్దామన్నాడు. బొమ్మ నాది, నేనే చెప్తానన్నాడు మావాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "నన్నా!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. "సార్, రోబో వాళ్ల నాన్నను పిలుస్తుంది!" గోండిలో నన్నా అంటే నేను. జూన్‌లో హాజరు పిలిచినప్పుడు వాడు మొదటి రోజు ఒకసారి ఆ మాట అన్నాడట. క్లాసు నవ్వింది. అప్పటి నుంచి నోరు మూసుకున్నాడు. ఈ సంగతి నాకు ఆ శనివారమే తెలిసింది, ఆ అమ్మాయి చెబితే. నేను బోర్డు మీద రెండు మాటలూ రాశాను. పక్కన లంబాడీ పిల్లలతో వాళ్ల మాట, ఒడియా పిల్లాడితో వాడి మాట రాయించాను. వారం రోజులు హాజరు ఎవరి భాషలో వాళ్లు పలికారు. కోడికి కోర్ అంటారని నేర్చుకుని ఐదో తరగతివాళ్లు మధ్యాహ్నం కోళ్ల వెంట పడ్డారు.

తొంభైఏడు ఫొటోలు అయ్యాయి. పన్నెండు మడతలు పూర్తి, పదమూడో మడత మొదలైంది. శుక్రవారం సాయంత్రం బొమ్మను కదపొద్దని బల్లతో సహా స్టాఫ్ రూమ్ మూలకు జరిపి, చుట్టూ సుద్దతో గీత గీశారు. సోమవారం వాడు రాలేదు. మంగళవారం నేను గుడిసె దగ్గరికి వెళితే రేకులు కూడా లేవు. వాచ్‌మన్ చెప్పాడు, కాంట్రాక్టరు కొల్లూరు వైపు కొత్త టవర్ల పని పట్టాడని, ఆదివారం రాత్రి అందర్నీ డీసీఎంలో ఎక్కించాడని.

తండ్రి ఫోన్ నంబరు కోసం మేస్త్రీల చుట్టూ పదిరోజులు తిరిగాను. దొరికింది. బడిలో వేశారా అంటే, ఆధార్ అడుగుతున్నరు సార్, పనిలో తీరిక లేదు అన్నాడు. టీసీ, బదిలీ వివరాలు ఫోన్‌లో పంపి, అక్కడి మండలంలో ఒక టీచరుతో మాట్లాడాను. చేర్చుకుంటామన్నారు. చేరాడో లేదో కళ్లతో చూడాలి. పిల్లాడు ఫోన్ అందుకుని ఒకటే అడిగాడు, గోండిలో: "కాకా, అది పడిపోయిందా?" పడలేదన్నాను.

ఆ తొంభైఏడు ఫొటోలను వెనక నుంచి తిప్పితే ఎనిమిది సెకన్లు వస్తుంది. సగం బండి, సగం మనిషిగా ఉన్నదేదో కదిలి, విప్పుకుని, లేచి నిలబడి "నన్నా" అంటుంది. మొదట్లో అది జేసీబీ అని చూసేవాళ్లకు తెలియదు. మిగతా ముగ్గురినీ పూర్తి చేయమన్నాను. చేయమన్నారు. "వాని చెయ్యి వేరే ఉంటది సార్, అతుకు కనబడతది" అంది ఆ అమ్మాయి.

రేపు రెండో శనివారం. ఎల్బీనగర్ పోయి, అక్కడి నుంచి రింగురోడ్డు బస్సులో కొల్లూరు వైపు పోవాలి. పిల్లలు నిన్ననే బొమ్మను నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి పెట్టారు, దారిలో కదిలితే మళ్లీ అట్లాగే సర్దడానికి. ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టెలో బియ్యం పోసి, అందులో సగం దాకా దాన్ని పాతారు. బియ్యం వంట అక్క ఇచ్చింది, తిరిగి తెమ్మంది. అగ్గిపెట్టె చెయ్యి బయటికే ఉంది, లోపలికి తోస్తే వంగుతుందని. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో "13వ మడత" అని రాసి, ఎటు పైకి ఉండాలో బాణం గుర్తు వేశారు.