రెండు చీట్ల లెక్క

మా బాల్యము మైపాడు తీరమున గడచెను. మాయమ్మ రొయ్యలను, నెత్తళ్లను ఇసుకపై నెండబెట్టి తట్టల లెక్కన నొక వర్తకునకు విక్రయించెడిది. అతఁడు విడివిడి ధరలు వ్రాయక, మొత్తము సొమ్ము మాత్రమే చీటిపై వ్రాసి యిచ్చెడివాఁడు. చదువురాని మాయమ్మ ఆ చీట్లను దూలమునందు దోపి దాచెడిది.

ఆ యేఁట మా యుపాధ్యాయులు ప్రతిక్షేపణ పద్ధతిని బోధించిరి. నాఁటి సాయంకాలమే చీట్లు దింపితిమి. మొదటి వారము రొయ్యలు 1 తట్ట, నెత్తళ్లు 3 తట్టలు, వెరసి 54 రూపాయలు. రెండవ వారము రొయ్యలు 2, నెత్తళ్లు 5, వెరసి 95. రొయ్యల తట్ట వెల యనఁగా 54 నుండి నెత్తళ్ల వెలకు మూఁడింతలు తీసివేయఁగా మిగిలినది. రెండవ చీటిలో రొయ్యలకు బదులు దీనినే యుంచితిమి. 108లో ఆఱింతలు పోయి, అయిదింతలు చేరి, 95 అయినది. కావున నెత్తళ్లు 13, రొయ్యలు 15.

పొరుగింటి పెద్దమ్మకు రొయ్యల తట్టకు 21 ముట్టినట్లు మే మెఱుఁగుదుము. ఇంకేమున్నది! అమ్మ వారించుచున్నను వినక, వర్తకుని యంగడికిఁ బోయి, పదుగురిలో "మోస" మని కేకవేసితిమి.

అతఁడు కోపింపక ఖాతాపుస్తకము విప్పెను. మొదటి వారము రొయ్యలు 21, నెత్తళ్లు 11. రెండవ వారము మబ్బు పట్టి సరకు సరిగా నెండమి రొయ్యలు 20, నెత్తళ్లు మాత్రము 11. రెండు వారములకును ధర యొకటే యని మేము తలఁచితిమి గాని, యెవరిని నడుగలేదు. ఒక్క రూపాయి మార్పు మా లెక్కలో ఆఱు రూపాయల నింద యయ్యెను!

9వ శతాబ్దినాఁటి మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును (పావులూరి మల్లన తెనిగించినది దీనినే) తరువాతి కాలమునఁ జూచితిమి. 9 మాదీఫలములు, 7 వెలగపండ్లు 107, 7 మాదీఫలములు, 9 వెలగపండ్లు 101, ఒక్కొక్కటి యెంత? 8, 5. అందు పండ్ల వెల మాఱదు. మైపాటిలో మబ్బు పట్టును.

"బిడ్డ తెలియక యన్నాఁడయ్యా" అని మాయమ్మ చేతులు జోడించెను. మేము తలయెత్తలేకపోతిమి. వర్తకుఁడు మా చేతికిఁ గలమిచ్చి, "ఇఁక మీఁదట మీయమ్మ చీటి నీవే వ్రాయుము, అబ్బాయీ, ఏ సరకు ధర ఆ సరకున కెదురుగా" అనెను. బడి విడిచిన పిమ్మట ప్రతి వారమును అట్లే వ్రాసితిమి.