బాలింత వాటా

పట్నంలో కాన్పయ్యాక పెరిగిన బరువు ఎలా తగ్గాలా అని ఆలోచిస్తారు. మా మన్యంలో చాలామంది తల్లుల బాధ వేరు. బిడ్డకు పాలిస్తూ వాళ్లే చిక్కిపోతారు.

8వ తరగతిలో పోషకాహార పాఠం చెప్పేటప్పుడు చోళ్లు, రాజ్మా, మునగాకు బల్ల మీద పెడతాను. ‘బాలింతగా ఉన్న మీ వదిన నిన్న ఏం తిన్నది?’ అని ఒక పాపను అడిగాను. ‘వెల్లుల్లి కారం, అన్నం. పథ్యం కదా సార్’ అంది.

పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు మామూలుకంటే రోజుకు సుమారు 600 కేలరీలు ఎక్కువ కావాలి. గర్భిణికి కావలసింది సుమారు 350 ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు ‘ఇద్దరి కోసం తిను’ అంటాం. కాన్పయ్యాక, ఇంకా ఎక్కువ కావలసినప్పుడు, గిన్నె ఖాళీ చేస్తాం.

పెద్దలు చెప్పిన వేడినీళ్ల స్నానం, విశ్రాంతి మంచివే, ఉంచుకుందాం. పప్పు, గుడ్డు, కూర మాన్పించే పథ్యం వదులుకుందాం. చోడి అంబలిలో కాల్షియం ఉంది, రాజ్మాలో మాంసకృత్తులున్నాయి. అవి మన పంటలే. అయినా రాజ్మా అంతా సంతలో అమ్మేస్తాం. అంగన్‌వాడీ ఇచ్చిన గుడ్డు ఇంటిల్లిపాదీ పంచుకుంటాం.

పిల్లలూ, ఈసారి సంతకు రాజ్మా బస్తా కట్టేముందు బాలింత వాటా తీసి పక్కన పెట్టమని మీ నాన్నతో చెప్పండి.