విత్తనపు టెరవు

పుస్తకము నెరవు గొన్నవారు దానినే తిరిగి యిత్తురు. విత్తనము నెరవు గొన్నవారు దానిని మంటిలో గలిపి, దాని సంతానమును దెచ్చి యిత్తురు. ఈ భేదమును మనసున నుంచుకొని మా వీధిలోని కొన్ని కుటుంబములవారము ఒక విత్తన భాండారమును నడుపుచున్నాము. ఒక చెక్కపెట్టెయు, కాగితపు పొట్లములును, ఒక లెక్కపుస్తకమును దప్ప దీనికి వేరు సంపద లేదు.

ఈ పద్ధతి మేము గనిపెట్టినది గాదు. జహీరాబాదు ప్రాంతమున, పస్తాపురము కేంద్రముగా 1983లో నారంభమైన డెక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి స్త్రీ సంఘములు మాకు మార్గదర్శకములు. అందలి సభ్యులలో పెక్కండ్రు దళిత స్త్రీలు. వారు జొన్న, కొర్ర, సామ, కంది మొదలగు పాత విత్తనములను వెదకి కూర్చి, వేపాకును బూడిదయు గలిపి, అలికిన బుట్టలలో దాచిరి. విత్తునాటి కడిగినవారి కొకపాలిచ్చి, పంట వచ్చిన పిమ్మట రెండుపాళ్లు పుచ్చుకొనుట వారి నియమము. ఇది వడ్డీ గాదా యని యడుగవచ్చును. వడ్డీ యొకని సంచిలోనికి బోవును; ఈ వృద్ధి మరియొక యింటి చేనికి బోవును. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము ఈ సంస్థకు లభించినది.

పెరటి విత్తనములకును శాస్త్రము గలదు. చిక్కుడు, టమాటాలు చాలవరకు తమ పూవులలోనే ఫలదీకరణము నొందును గావున వాటి గుణము సులభముగా నిలుచును. సొర, బీర, గుమ్మడులకు ఆడపూవును మగపూవును వేఱు. రెండు రకముల సొరపాదులు దగ్గఱ నున్నచో తేనెటీగలు వాటిని గలిపివేయును. కాబట్టి విరియకముందే మొగ్గలకు గుడ్డ కట్టి, విరిసినప్పుడు చేతితో పుప్పొడి నద్ది, మరల గట్టవలెను. అంగడిలో గొన్న సంకర విత్తనముల పంటనుండి తీసిన గింజలు తల్లిని బోలవు. అట్టివి మా పెట్టెలో జేర్చము. మొదటి మంచి కాయను కూరకు గోయక విత్తనమునకు విడువవలెను. తినగా మిగిలినది విత్తన మనుట లోభము.

పొట్లముపై నిచ్చినవారి పేరు వ్రాయవలయునా యను వివాద మొకటి మా వీధిలో బుట్టినది. పేరు వలదన్నవారి కారణము మాకు దెలియకపోలేదు. అన్నిటికంటె మేలైన బీరవిత్తనము దెచ్చినది మా వీధి యూడ్చు స్త్రీ. ఆమె విత్తనము గావలెను, ఆమె పేరు గాకూడదు! అంటరానితనమును సభలలో ఖండించిన నోటనే యీ మాట వచ్చినది. మేము పేరు వ్రాసితిమి. ఆమెను గూర్చుండబెట్టి, ఏ కాయ నేనాడు కోయవలెనో, ఎట్లు ఆరబెట్టవలెనో అడిగి లెక్కపుస్తకమున నెక్కించితిమి. ఇద్దరు విత్తనములు గొనకయే వెడలిరి. తక్కినవారు గొని నాటిరి.

2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతు తన విత్తనమును దాచుకొనుటకును, మార్చుకొనుటకును, బ్రాండు పేరు లేకుండ నమ్ముటకును హక్కు నిచ్చుచున్నది. హక్కు చట్టమున నున్నను, విద్య చేతులలో నుండవలెను. ఆ చేతులు చాలవరకు స్త్రీలవి, బడి యెఱుగనివి. వాటిని గౌరవింపక విత్తనమును మాత్రము కాపాడుదమనుట వ్యర్థము. సోదరీమణులారా, ఈ యేడు మీ పెరటిలో నొక కాయను ముదరనిండు. ఎవరి చేతినుండి మొదటి గింజ వచ్చినదో ఆ పేరు మఱవకుడు.