శనగపిండి వాసనొచ్చే పాలెర్మో

‘సిసిలీకా? అక్కడ మాఫియా ఉంటుందట కదా!’

బయల్దేరే ముందు కనీసం పది మంది అన్న మాట ఇది. ‘గాడ్‌ఫాదర్’ చూసినవాళ్లయితే మరో రెండు జాగ్రత్తలు ఎక్కువే చెప్పారు. తీరా సిసిలీ రాజధాని పాలెర్మోలో దిగాక ఎదురైన మొదటి వింత ఏంటంటే... అక్కడి విమానాశ్రయానికి పెట్టుకున్నది ఏ రాజు పేరో, కవి పేరో కాదు. మాఫియాతో పోరాడి ప్రాణాలిచ్చిన ఇద్దరు న్యాయాధికారుల పేర్లు. జొవాన్నీ ఫాల్కోనె, పావొలో బొర్సెలీనో.

అక్కడి నుంచి ఊరు ముప్పై అయిదు కిలోమీటర్లు. ఒక పక్క నీలి సముద్రం, మరోపక్క బోడి కొండలు. దారిలో కపాచీ అనే చోట రోడ్డుకు రెండువైపులా ఎర్రటి స్తంభాలు కనిపిస్తాయి. 1992 మే 23న ఫాల్కోనె కారు వస్తుండగా ఇక్కడే రోడ్డు కింద బాంబు పేల్చారు. ఆయనతోపాటు భార్య, ముగ్గురు అంగరక్షకులు చనిపోయారు. మీట నొక్కిన వ్యక్తి దాక్కున్న చిన్న తెల్లటి గది ఇంకా కొండ మీద ఉంది. దాని గోడ మీద రెండే మాటలు, అంత దూరం నుంచీ చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో... ‘నో మాఫియా’.

ఊళ్లోకి అడుగుపెట్టకముందే పాలెర్మో తన కథేంటో చెప్పేసింది. మరి తిండి సంగతి?

బజారు పేరులో మన రాజు!

పాలెర్మోను చూడాలంటే మ్యూజియంతో కాదు, బజారుతో మొదలుపెట్టాలి. బల్లారో అలాంటి బజారు. వెయ్యేళ్లుగా ఇక్కడ కూరగాయలు అమ్ముతూనే ఉన్నారు. ఎర్రటి గుడ్డ పందిళ్ల కింద మీటరు పొడవు సొరకాయలు, ఊదారంగు గుండ్రటి వంకాయలు, ఉప్పులో ఊరిన ఆలివ్‌లు, వెండిలా మెరిసే కవళ్లలాంటి సార్డీన్ చేపలు. అమ్మేవాళ్ల అరుపులు సగం పాటలా, సగం పోట్లాటలా ఉంటాయి. మన మోండా మార్కెట్లో వదిలిపెట్టినట్టే అనిపించింది.

ఆ పేరు వెనకాల ఓ ముచ్చటుంది. దక్కనును ఏలిన రాష్ట్రకూట రాజులను అరబ్బు రచయితలు ‘బల్హరా’ అని రాసేవారు. ‘వల్లభరాజు’ అన్నది వాళ్ల నోట అలా మారింది. ఆ రాజుల దేశం నుంచి వచ్చిన సుగంధ ద్రవ్యాలు అమ్మిన చోటు కాబట్టే ఇది బల్లారో అయిందని కొందరు చరిత్రకారులంటారు. కాదు, దగ్గర్లోని ఓ పల్లె పేరు మీదుగా వచ్చిందని ఇంకొందరి వాదన. ఏది నిజమైనా, తాండూరు దాటి వాడి వెళ్లే రైలు దారిలో ఉన్న మల్ఖేడ్... ఆ రాష్ట్రకూటుల రాజధాని... మధ్యధరా సముద్రం నడుమ ఒక కూరగాయల బజారు దగ్గర గుర్తుకురావడం గమ్మత్తుగా లేదూ!

బజ్జీకి దూరపు చుట్టం

బల్లారోలో నడుస్తుంటే ఎక్కడినుంచో తెలిసిన వాసన. కాగుతున్న నూనెలో శనగపిండి! వెతుక్కుంటూ వెళితే ఓ బండి. దాని పేరు ‘పనెల్లె’.

శనగపిండిని నీళ్లు, ఉప్పు వేసి పొయ్యి మీద ఉండకట్టకుండా కలుపుతూ చిక్కగా ఉడికిస్తారు. పార్‌స్లీ అనే ఆకు తరుగు చల్లి పల్చగా పరిచి ఆరనిస్తారు. గట్టిపడ్డాక బిళ్లలుగా కోసి నూనెలో వేయించడమే. నువ్వులద్దిన మెత్తటి రొట్టె మధ్యలో నాలుగైదు పెట్టి, నిమ్మకాయ పిండి చేతికిస్తారు. పైన కరకర, లోపల వెన్న. కారం ఒక్కటే తక్కువ. మూడు నాలుగు యూరోలతో కడుపు నిండిపోతుంది.

సిసిలీని అరబ్బులు ఏలిన రోజుల నుంచీ ఈ వంట ఉందని ఇక్కడివాళ్లు చెబుతారు. వాళ్లు పాలెర్మోను గెలిచింది 831లో. నిమ్మ, చెరకు, వరి, వంకాయ... వీటన్నిటినీ ఈ దీవిలో పండించడం నేర్పింది వాళ్లే. మన దగ్గర పుట్టిన వంకాయ ఇక్కడికొచ్చి ‘కపొనాత’ అయ్యింది. ముక్కల్ని వేయించి టొమాటో, ఆలివ్, సెలరీ వేసి, వెనిగర్, పంచదారలతో పుల్లపుల్లగా తియ్యతియ్యగా మగ్గిస్తారు. చింతపండు, బెల్లం వేసిన మన వంకాయ పులుసు తిన్నవాళ్లకి అది కొత్త రుచేం కాదు.

ఇంకో చుట్టం కూడా తగిలింది. ‘స్ఫిన్‌చొనె’ అని, ఉల్లిపాయ, టొమాటో, చేపముక్కలు, జున్ను, రొట్టెపొడి వేసిన మందపాటి రొట్టె. దాన్ని మూడు చక్రాల బండి మీద వీధివీధీ తిప్పుతూ మైకులో కేకేసి అమ్ముతారు. ఆ బండేంటో తెలుసా? మన ఊళ్లలో పది మందిని ఎక్కించుకుని తిరిగే ఆపే ఆటో! అది పుట్టిందే ఇటలీలో. ఇటాలియన్‌లో ‘ఆపె’ అంటే తేనెటీగ.

మాంసప్రియులకైతే ఇక్కడ పండగే. గొర్రెపిల్ల పేగుల్ని ఉల్లికాడకు చుట్టి నిప్పుల మీద కాల్చే ‘స్తిగ్యోల’ బోటి కూర ఇష్టపడేవాళ్లకు నచ్చుతుంది. ‘పానీ కా మెఊసా’ అయితే దూడ తిల్లీని ఉడకబెట్టి, పంది కొవ్వులో వేయించి రొట్టెలో పెట్టిస్తారు. ఉత్త నిమ్మరసంతో తింటే అది ‘పెళ్లికాని’ రొట్టె, జున్ను జతచేస్తే ‘పెళ్లయిన’ రొట్టె! ఇవి తినని వాళ్లు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఒకే కప్పు కింద నాలుగు భాషలు

పొట్ట నిండింది కాబట్టి ఇక కళ్ల వంతు.

1072లో ఉత్తరాది నుంచి వచ్చిన నార్మన్లు అరబ్బుల నుంచి ఊరిని గెలుచుకున్నారు. గెలిచినవాళ్లు ఓడినవాళ్లను తరిమేయడం అప్పటి రివాజు. కానీ ఈ రాజులు అరబ్బు పనివాళ్లను, గ్రీకు చిత్రకారులను కొలువులో పెట్టుకున్నారు. 1130లో రాజైన రెండో రోజర్ కట్టించిన పలాటిన్ చాపెల్‌లోకి వెళ్లి తలెత్తండి. గోడల నిండా బంగారు మొజాయిక్‌లో క్రీస్తు, దేవదూతలు. అది గ్రీకుల పని. పైన తేనెపట్టులా చెక్కిన చెక్క కప్పు అరబ్బు పనివాళ్లది. దాని మీద సంగీతగాళ్లు, నాట్యగత్తెలు, చివరికి చదరంగం ఆడుకుంటున్న ఇద్దరు కూడా! చర్చి కప్పు మీద చదరంగం ఇంకెక్కడైనా ఉంటుందా?

ఆ రోజర్ కొలువులోనే అల్ ఇద్రీసీ అనే అరబ్బు పండితుడు 1154లో అప్పటికి తెలిసిన ప్రపంచమంతటి పటం గీశాడు. ఊరి పెద్ద చర్చికి వెళితే ద్వారం దగ్గర ఓ స్తంభం మీద ఖురాన్ వాక్యం చెక్కి ఉంటుంది. ఎవరూ చెరిపేయలేదు. ‘జీసా’ అనే వేసవి విడిది ఇప్పుడు మ్యూజియం. అందులో 1149 నాటి సమాధి రాయి ఒకటుంది. ఒక మతగురువు తన తల్లి కోసం వేయించిన ఆ రాతి మీద రాతలు హీబ్రూ, లాటిన్, గ్రీకు, అరబ్బీ లిపుల్లో ఉన్నాయి. అమ్మ పోయిన దుఃఖం ఊళ్లో అందరికీ చెప్పుకోవాలంటే నాలుగు విధాలుగా రాయాల్సి వచ్చిన ఊరది.

ఈ అరబ్బు-నార్మన్ కట్టడాలు తొమ్మిదింటిని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఊరికి కాస్త దూరంలో కొండ మీదున్న మొన్‌రెయాలె చర్చిని మాత్రం వదులుకోకండి. ఆరువేల చదరపు మీటర్లకు పైగా మొజాయిక్ అక్కడ. మెడ నొప్పి పుట్టడం ఖాయం.

ఊరి మధ్యలో ప్రెతోరియా ఫౌంటెన్ చుట్టూ అన్నీ నగ్న విగ్రహాలే. ఫ్లోరెన్స్‌లో ఓ దొర తోట కోసం చేయించినదాన్ని పాలెర్మో కొని, 644 ముక్కలుగా ఓడలో తెప్పించింది. ఆ విగ్రహాలను చూసి సిగ్గుపడిన జనం దాన్ని ‘సిగ్గుల ఫౌంటెన్’ అన్నారు. ఆ పక్కనే సన్యాసినుల మఠం కూడా ఉంది మరి! ఇప్పుడా మఠంలో సన్యాసినుల పాత పద్ధతుల్లో చేసిన మిఠాయిలు అమ్ముతున్నారు. బాదం ముద్దతో చేసిన పళ్లను చూస్తే నిజం పళ్లే అనుకుంటారు. జున్ను నింపిన కనోలీ అయితే కొరకగానే పటపటమంటుంది. పిల్లలకు మాత్రం అన్నిటికన్నా నచ్చేది పొద్దుటి ఫలహారం... బన్నులో ఐస్‌క్రీం!

రొట్టె మీద కప్పం

ఇంత తియ్యటి ఊరికి చేదు ఎక్కడి నుంచి వచ్చింది?

1950, 60లలో మాఫియా, రాజకీయ నాయకులు, బిల్డర్లు కలిసి చుట్టూ ఉన్న నిమ్మ, నారింజ తోటల్ని నరికి అపార్టుమెంట్లు లేపారు. అందమైన పాత భవనాలెన్నో రాత్రికి రాత్రి నేలమట్టమయ్యాయి. అంతకంటే పెద్ద జబ్బు ‘పిజ్జో’. అంటే ప్రతి దుకాణదారూ మాఫియాకు కట్టాల్సిన కప్పం. మీరు తినే ప్రతి రొట్టెలోనూ వాళ్లకో ముక్క వెళ్లేదన్నమాట. కట్టనని పత్రికలో బహిరంగంగా రాసిన లీబెరో గ్రాస్సి అనే బట్టల ఫ్యాక్టరీ యజమానిని 1991 ఆగస్టులో ఇంటి దగ్గరే కాల్చేశారు. తర్వాతి ఏడాది ఫాల్కోనెని చంపిన యాభై ఏడు రోజులకే బొర్సెలీనోని కూడా బాంబుతో చంపారు. ఆ వేసవిలో పాలెర్మో ఆడవాళ్లు బాల్కనీల నుంచి తెల్ల దుప్పట్లు వేలాడదీశారు. వాటి మీద ‘ఇక చాలు’ అన్న నిరసన మాటలు. భయంతో తలుపులేసుకున్న ఊరు ఆ దుప్పట్లతోనే నోరు విప్పింది.

2004లో కొందరు కుర్రాళ్లు ఒక పానశాల తెరుద్దామని ఖర్చులు లెక్కేసుకున్నారు. అద్దె, కరెంటు, జీతాలు... పిజ్జో! ఆ ఒక్క పద్దు దగ్గర ఆగిపోయారు. పిజ్జో కట్టే జనం ఆత్మగౌరవం లేని జనమంటూ స్టిక్కర్లు అచ్చేసి రాత్రికి రాత్రి ఊరంతా అంటించారు. ‘అద్దియోపిజ్జో’ ఉద్యమం అలా పుట్టింది. కప్పం కట్టని దుకాణాలు ఆ గుర్తును తలుపు మీద పెట్టుకుంటాయి. కొనేవాళ్లు అది చూసే లోపలికెళతారు.

2016లో బల్లారో పరిసరాల్లో ఓ గాంబియా కుర్రాడి మీద పట్టపగలు కాల్పులు జరిగాయి. ఆ తర్వాత తమను పీడించిన ముఠా మీద దుకాణదారులు పోలీసులకు చెప్పారు. అలా ముందుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశీయులు. పొట్టకూటి కోసం వచ్చినవాళ్లు పరాయి గడ్డ మీద అంత ధైర్యం చేశారు.

కొండ మీద తమిళం

చివరి రోజు పెల్లెగ్రీనో కొండ ఎక్కాను. 1624లో ఊరిని ప్లేగు పట్టినప్పుడు ఈ కొండ గుహలో సెయింట్ రొజాలియా అస్థికలు దొరికాయని, వాటిని ఊరేగించాక జబ్బు తగ్గిందని నమ్మకం. ఏటా జులై 14 రాత్రి ఆమె రథం ఊరంతా తిరుగుతుంది. అచ్చం మన రథోత్సవమే.

మెట్ల దారిలో చెప్పుల్లేకుండా ఎక్కుతున్న ఓ కుటుంబం కనిపించింది. ఆడవాళ్ల జడలో పూలు. శ్రీలంక తమిళులు. పాలెర్మోలో వాళ్లు వేలల్లో ఉన్నారు. హిందువులైనా ఆదివారం పూట ఈ కొండకొచ్చి మొక్కుకుంటారు. నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కలతో పలకరిస్తే ఓ పెద్దావిడ నవ్వి, ‘ఊరు విడిచి వచ్చినప్పుడు మాకు ఇక్కడ దొరికిన అమ్మ ఈవిడే’ అంది.

దిగొచ్చాక మళ్లీ పనెల్లె తినాలనిపించింది. ఈసారి బండి కాదు, గాజు తలుపు మీద ఆ స్టిక్కరున్న చిన్న దుకాణం వెతుక్కుని వెళ్లాను. రుచిలో తేడా ఏమీ లేదు. అదే శనగపిండి, అదే నిమ్మరసం. కానీ నేనిచ్చిన మూడు యూరోలూ ఆ వేయించిన మనిషికే చెందుతాయి. పాలెర్మో ఆ మాత్రం కోసమే కదా అంత రక్తం ధారపోసింది!

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా రోమ్ లేదా మిలాన్ వెళ్లి, అక్కడి నుంచి పాలెర్మోకు ఇంకో విమానం ఎక్కాలి. షెంగెన్ వీసా తప్పనిసరి. తీరిక ఉంటే రోమ్ నుంచి రైల్లో వెళ్లండి. మెస్సీనా జలసంధి దగ్గర రైలు పెట్టెల్నే ఓడలోకి ఎక్కించి సముద్రం దాటిస్తారు! ఏప్రిల్ నుంచి జూన్, సెప్టెంబరు, అక్టోబరు మంచి కాలం. జులై, ఆగస్టు ఎండలు మన రోహిణి కార్తెను గుర్తుచేస్తాయి.

శాకాహారులు ‘సెన్‌జా కార్నె, సెన్‌జా పెషె’ (మాంసం వద్దు, చేప వద్దు) అన్న మాట బట్టీపట్టాలి. అన్నం ఉండల్లాంటి ‘అరంచీనె’లో వెన్న రకమని ఇచ్చేదాంట్లోనూ సాధారణంగా పంది మాంసం ఉంటుంది. పాలకూర రకం ఉందేమో అడగండి. డిసెంబరు 13న వెళ్తే ఊరంతా రొట్టె మానేసి అరంచీనెలే తింటుంది. ఒకప్పటి కరవులో సెయింట్ లూసీ పండగ నాడు ధాన్యం ఓడ వచ్చి ఆదుకున్నందుకు గుర్తుగా గోధుమపిండి ముట్టుకోరు. ఉడికించిన గోధుమలతో చేసే ‘కుచ్చీయా’ అనే తీపి కూడా ఆ రోజు ప్రత్యేకం. మన గుగ్గిళ్లకి జున్ను, పంచదార కలిపితే ఎలా ఉంటుందో అలా!